బాపూకి ముందు సీటు

మా బాపూ చచ్చిపోయాక మూడు వారాలు దేశం తిరిగాడు. జోధ్‌పూర్ కోట చూశాడు. జైసల్మేర్ ఇసుక చూశాడు. ఉదయ్‌పూర్ చెరువులు, చిత్తోడ్ బురుజులు, పుష్కర్‌లో బ్రహ్మ గుడి, ఆగ్రాలో తాజ్‌మహల్ అన్నీ చూశాడు. బతికుండగా ఫలోదీ బజారు దాటాలంటే పదిసార్లు ఆలోచించిన మనిషి. నేనే తిప్పాను, నా పక్కన ముందు సీట్లో, ఎర్రగుడ్డ మూటలో పెట్టుకుని. ఆయనకి లోకం చూపిస్తున్నానని తెగ మురిసిపోయాను కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు పేమారామ్. మేం సుథార్లం, వడ్రంగం మా కులవృత్తి. బాపూ గుమానారామ్ తలుపు చెక్కితే గుర్రం గిట్టల చప్పుడు వినపడుతుందనేవారు మా వైపు. నాకు మాత్రం ఉలి కంటే స్టీరింగే చేతికి పట్టుబడింది. జోధ్‌పూర్‌లో ఒక ఓనరు దగ్గర టూరిస్టు కారు నడుపుతాను. దీపావళికి మొదలై హోళీకి ముగుస్తుంది మా సీజను. ఆ నాలుగు నెలలు ఇంటి మొహం చూడం.

బాపూ ఆ యేడు భాద్రపదంలో పోయాడు. మూడోనాడు చితిలో ఎముకలు ఏరాం. వాటిని మావాళ్ళు పూలంటారు. పూలు ఏరిన వారంలోనే హరిద్వార్ తీసుకెళ్ళి గంగలో కలపడం ఆనవాయితీ. మా అమ్మ ధాపూ అడ్డం తిరిగింది.

"పెద్దకొడుకు బతికుండగా చిన్నవాడు పూలు మోస్తే మీ బాపూ సగం దారిలోనే ఉండిపోతాడు. ముందు హడ్మాన్‌ని వెతికి తీసుకురా. వాడి చేత్తో పడాలి నీళ్ళలో."

"పదిహేనేళ్ళ నించి దొరకనివాడు ఇప్పుడెక్కడ దొరుకుతాడే?"

"దొరికేదాకా మీ బాపూ ఆగుతాడు. ఆయనకేం తొందర?"

అలా పూలున్న మట్టికుండ ఊరి బయట జమ్మిచెట్టుకి రెండు నెలలు వేలాడింది. దారిన పోయేవాళ్ళంతా నన్నే చూసేవాళ్ళు, నేనేదో పిసినారితనం చేసి తండ్రిని చెట్టుకి కట్టేసినట్టు.

హడ్మాన్ మా అన్న. మాలో ఆటా-సాటా పెళ్ళిళ్ళు ఉన్నాయి. మీ పిల్ల మా ఇంటికి, మా పిల్ల మీ ఇంటికి. అక్క గవరీని లోహావట్ సంబంధానికిచ్చారు. బదులుగా వాళ్ళ పిల్లని అన్న చేసుకోవాలి. తీరా చూస్తే ఆ పిల్లకి పదకొండేళ్ళు. ఇరవై యేళ్ళ అన్న ససేమిరా అన్నాడు. లోహావట్ వాళ్ళు మర్నాడే అక్కని మూటాముల్లెతో పంపించేశారు. అమ్మ వాకిట్లో నిలబడి, వీధి వీధంతా వినేలా అన్నది.

"పో! నువ్వు చచ్చినా నాకు కబురు రానక్కర్లేదు."

అన్న వెళ్ళిపోయాడు. దసరా వెళ్ళిన వారం అది, నాకు పదేళ్ళు. టూరిస్టు బండి నడుపుతున్నాడని ఒకసారి ఎవరో చెప్పారు. తర్వాత అదీ లేదు. హోళీ నాటికి అమ్మ కోపం చల్లారింది. ఆ మరుసటేడు రాజీ కుదిరి అక్క కూడా అత్తింటికి తిరిగి వెళ్ళిపోయింది. అన్న కబురు మాత్రం రాలేదు. అప్పటినించీ మా ఊరికి ఏ బండి వచ్చినా డ్రైవరుకి మజ్జిగ పోసి, "మా హడ్మాన్ కనపడ్డాడా నాయనా, ఎడమచేతి వాటం వాడిది" అని అడగడం అమ్మకి పనయింది. బాపూ ఒక్కరోజూ వెతకలేదు. "వచ్చేవాడైతే వాడే వస్తాడు" అని ఉలి అందుకునేవాడు. రాతిగుండె మనిషని అమ్మ ఆయన్ని పదిహేనేళ్ళు తిట్టింది. నేనూ లోలోపల తిట్టుకున్నాను.

కార్తీకంలో ఓనరు ఫోను చేశాడు. కలకత్తా దంపతులు, ఇరవై రెండు రోజుల టూరు, జోధ్‌పూర్‌లో ఎక్కి హరిద్వార్‌లో దిగుతారు.

హరిద్వార్ మాట వినగానే అమ్మ లేచింది. "బాపూని తీసుకెళ్ళు. దారి పొడుగునా ఊళ్ళున్నాయిగా, ప్రతి ఊళ్ళో అన్నని అడుగు. హరిద్వార్ చేరేలోగా దొరకాలి వాడు."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఏమిటిరా, దొరుకుతాడు."

కుండ దింపి పూలని ఎర్రగుడ్డలో కట్టింది. నియమాలు నాకు తెలిసినవే అయినా మళ్ళీ చెప్పింది. నేలమీద పెట్టకూడదు. ఆయనకి నిండు సీటు ఇవ్వాలి. టీ తాగినా రొట్టె తిన్నా ముందు ఆయనకి చూపించాలి. వంతెన వచ్చినా, దారి మలుపు తిరిగినా చెప్పాలి, లేకపోతే తప్పిపోతాడు. నాకు మాత్రం బాపూ పోయేముందు చెప్పిన మాట చెవిలో మెదిలింది. "ఊరికే నీళ్ళలో వదిలేసి రాకురా పేమా. మన వంశం పురోహితుడు పండా ఉంటాడు, ఆయన దగ్గర కూర్చో. పుస్తకం చదివించు." చదువురాని మనిషికి పుస్తకం మీద అంత ఆశేమిటో అనుకుని ఊరుకున్నాను.

జోధ్‌పూర్ స్టేషన్లో దిగారు దంపతులు. పొద్దున తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటుంటే ఇద్దరి నెత్తినా కోతి టోపీలు. ఆయన అనిమేష్ బాగ్చీ, రిటైరైన భూగోళం మాస్టారు. ఆవిడ నిరుపమ. తనని మాసీమా అని పిలవమంది, అంటే పిన్నీ అని. సంచిలో మరమరాలు, ఫ్లాస్కు, అజీర్తికి ఏడు రకాల మందులు. అనిమేష్ బాబు తిన్నగా ముందు తలుపు తీశాడు.

"బాబూజీ, ఆ సీటు స్ప్రింగు విరిగింది. వెనక కూర్చోండి."

"వెనక కూర్చుంటే నాకు దేశం కనపడదయ్యా. ఆ మూటేమిటి?"

"ప్రసాదం."

"ప్రసాదానికి బెల్టెందుకు పెట్టావు?"

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. ఏదో నసిగి బండి తీశాను. ఆయన వెనక కూర్చుని మూతి ముడుచుకున్నాడు. ఆ పూటంతా కోట చూపించినా, నీలం గోడల వీధులు తిప్పినా మాట లేదు. మర్నాడు జైసల్మేర్ దారిలో ఒక ఎండిన వాగు మీద చిన్న వంతెన వచ్చింది. అలవాటు కొద్దీ, "బాపూ, వంతెన దాటుతున్నాం. వచ్చెయ్" అన్నాను. అద్దంలో చూస్తే అనిమేష్ బాబు కళ్ళు కోతి టోపీలోంచి బయటికొచ్చి ఉన్నాయి.

పోకరణ్ దగ్గర టీకి ఆపాను. మట్టిముంతలో టీ తెచ్చి ముందు సీటు దగ్గర పట్టుకుని నిలబడ్డాను. ఆయన వెనక నుంచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"నిజం చెప్పు పేమారామ్. అందులో ఏముంది?"

చెప్పేశాను. ఇంక దాచి ఏం లాభం?

"దుర్గా! దుర్గా!" ఆయన మూడడుగులు వెనక్కి వేశాడు. చేతిలో ఫ్లాస్కు మూత జారి ఇసుకలో దొర్లింది. "నిన్నటి నించి... మేము... నిరుపమా, దిగు! ముందు దిగు! మూడు వారాలు శవంతో యాత్రా? ఓనరుకి ఫోను చెయ్యి, ఇంకో బండి పంపమను!"

మాసీమా దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది. "మీ నాన్నకి ఎన్నేళ్ళు?"

"అరవై ఎనిమిది మాసీమా."

"మీకంటే మూడేళ్ళు చిన్న," అంది మొగుడితో. మళ్ళీ నాతో, "ఇంతకుముందు ఎప్పుడైనా ఇవన్నీ చూశాడా?"

"లేదు. పనికి బికనీర్, జోధ్‌పూర్. అంతకు మించి అడుగు పెట్టలేదు."

"అయితే కూర్చోనీ. ఎప్పుడూ గడప దాటని మనిషి. మనం చూసేవే ఆయనా చూస్తాడు. ఏమండీ, వెనక సీట్లోంచి కూడా దేశం కనపడుతుంది. కాస్త కళ్ళజోడు తుడుచుకోండి."

అనిమేష్ బాబు చాలాసేపు ఎండలో నిలబడ్డాడు. చివరికి ఎక్కాడు. జైసల్మేర్ దాకా జపం చేస్తూనే ఉన్నాడు. ఇసుక తిన్నెల మీద ఒంటె ఎక్కి దిగినప్పుడు నడుం పట్టేసి, ఆ నొప్పి మా బాపూ మీదికి తోశాడు. నేను మాత్రం మూట చంకన పెట్టుకుని తిన్నె ఎక్కాను. "చూడు బాపూ, మన వైపు ఇసుకే, కానీ ఇక్కడ దీన్ని చూడ్డానికి కలకత్తా నించి వస్తున్నారు," అన్నాను. నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చే ఉంటుందనుకున్నాను.

మాస్టారు ఎన్నాళ్ళు నోరు కట్టుకుంటాడు? రాణక్‌పూర్ జైన గుడి చూసి ఉదయ్‌పూర్ ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఆయన నోరు ఆగలేదు. మాసీమా నిద్రపోతోంది, నేను మలుపుల్లో ఉన్నాను. వినేవాడెవరూ లేక ముందు సీటు వైపు వంగి మొదలెట్టాడు. "గుమానారామ్ బాబూ, ఇవి ఆరావళి కొండలు. హిమాలయాలు పుట్టకముందే ఇవి ముసలివైపోయాయి." ఆ తర్వాత ఇక ఆగలేదు. చిత్తోడ్‌లో విజయస్తంభం ఎన్ని అంతస్తులో బాపూకే చెప్పాడు. దారిలో కచోరీ కొంటే నాలుగు కొనేవాడు. నాలుగోది ముందు సీటు ముందు కాసేపు పట్టుకుని, తర్వాత తనే తినేవాడు, అజీర్తి మందు వేసుకుని.

ఇటు నా వెతుకులాట నాది. వాళ్ళు కోటల్లోకి, గుళ్ళలోకి వెళ్ళినప్పుడల్లా నేను డ్రైవర్ల టీ కొట్లకి వెళ్ళేవాణ్ణి. "హడ్మాన్, సుథార్లవాడు, ఎడమచేతి వాటం, ఇప్పుడు ముప్ఫై అయిదుంటాయి." జైసల్మేర్‌లో తల అడ్డంగా ఊపారు. ఉదయ్‌పూర్‌లోనూ అంతే. పుష్కర్‌లో ఒకడు నుదురు గోక్కుని, "ఎడమచేతి వాటం డ్రైవరొకడు హరిద్వార్ బస్సులు నడిపేవాడు. పేరు గుర్తులేదు" అన్నాడు. వెంటనే అమ్మకి ఫోను చేశాను.

"చెప్పానా లేదా!" అమ్మ గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది. "హరిద్వార్‌లోనే ఉన్నాడన్నమాట. గంగ ఒడ్డునే ఉన్నాడు. అందుకే మీ బాపూ ఇన్నాళ్ళూ ఆగాడు."

తొందరపడి చెప్పానేమో అనుకున్నాను. కానీ నాకూ ఆశ పట్టుకుంది.

జైపూర్‌లో డ్రైవర్ల అడ్డా దగ్గర భీఖూ ఖాన్ అనే పెద్దాయన ఉన్నాడు. నలభై యేళ్ళుగా అదే అడ్డా, తెలియని డ్రైవరు ఉండడు. నేను అడిగింది విని ఆయన బీడీ ఆర్పాడు. నా వైపు కాదు, కారు వైపు చూశాడు.

"గుమానారామ్ కొడుకువా? ఆయన పోయాడా?"

"భాద్రపదంలో పోయాడు చాచా. అదిగో, ముందు సీట్లో."

ఆయన లేచి కారు దగ్గరికెళ్ళాడు. అద్దం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. "మంచి మనిషి," అన్నాడు.

"మా అన్న తెలుసా మీకు?"

"ముందు బాపూని గంగకి చేర్చు. మిగతావన్నీ తర్వాత." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "భరత్‌పూర్ దాటేటప్పుడు మీ బాపూకి చెప్పి దాటు."

"అక్కడ నదేం లేదుగా చాచా?"

"నది లేకపోయినా చెప్పు."

ముసలాయనకి చాదస్తం అనుకున్నాను. మా బాపూ పేరు ఈయనకెలా తెలుసని ఆ క్షణాన తోచనైనా లేదు నాకు. అంత మొద్దుని. మర్నాడు భరత్‌పూర్ పొలిమేరలో లారీల సందులోంచి దూరుతూ, "బాపూ, భరత్‌పూర్ దాటుతున్నాం. వచ్చెయ్" అని మొక్కుబడిగా అన్నాను. ఆ వెంటనే అనిమేష్ బాబుతో కొంగల అభయారణ్యం టికెట్ గురించి మాట్లాడాను.

ఆగ్రా, మథుర, ఢిల్లీ. ఇరవై ఒకటో రోజు హరిద్వార్ చేరాం. దొరకాల్సినవాడు దొరకలేదు. బస్సుల స్టాండులో రెండు గంటలు తిరిగాను. ఎడమచేతి వాటం డ్రైవరు ఒకడున్న మాట నిజమే, వాడు మేరఠ్ సర్దార్జీ. అమ్మ ఫోను మీద ఫోను చేస్తోంది. నేను ఎత్తడం లేదు. కారులో కూర్చుని, "ఏం చెయ్యమంటావు బాపూ?" అన్నాను. అప్పుడు తట్టింది. పండాల దగ్గర వంశాల పుస్తకాలుంటాయి. మా ఊరివాళ్ళు ఎవరొచ్చినా పేరు, వచ్చిన పని, ఉంటున్న చోటు రాయించుకుని పోతారు. హడ్మాన్ ఏ టూరుతోనో ఇక్కడికి వచ్చి ఉంటే తన పేరు రాయించకుండా పోడు. ఉన్న ఊరు దొరికితే ఇవాళే వెళ్ళి లాక్కొస్తాను. బాపూ పుస్తకం చదివించమన్నది ఇందుకేనేమో.

మాసీమా, మాస్టారూ నా వెంటే వచ్చారు. "ఇన్నాళ్ళు కలిసి తిరిగాం, చివర్లో వదిలేస్తామా?" అన్నాడాయన.

ఊరి పేరు, కులం చెప్పగానే సందులోంచి సందులోకి చేతులు మార్చి మా పండా గదికి చేర్చారు. దామోదర్ పండా. గోడకి వరసగా ఎర్రగుడ్డల చుట్టలు. ఆయన ఒక చుట్ట దింపి, మడతలు విప్పి, పొడుగాటి కాగితాల మీద వేలు పాకించాడు. మా ముత్తాత పేరు చదివాడు, తాత పేరు చదివాడు. తాత పూలు పెదనాన్న తెచ్చాడట. నాకు ఆగలేదు.

"పండాజీ, హడ్మాన్‌రామ్ అని ఎప్పుడైనా వచ్చాడా? గుమానారామ్ పెద్దకొడుకు."

ఆయన వేలు కిందికి జారి ఆగింది.

"హడ్మాన్‌రామ్... ఉంది."

"ఉందా!" నేను ఎగిరి నిలబడ్డాను. మాసీమా చెయ్యి పట్టుకుని ఊపేశాను. "ఉందట మాసీమా! అన్న వచ్చాడట! ఏ ఊళ్ళో ఉంటున్నాడు పండాజీ? ఎప్పుడొచ్చాడు?"

పండా తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. "కూర్చో నాయనా," అన్నాడు. నేను కూర్చోలేదు. ఆయన చదివాడు, అందరివీ చదివినట్టే, ఒకే గొంతుతో.

"హడ్మాన్‌రామ్, తండ్రి గుమానారామ్ సుథార్. అవివాహితుడు. వయసు ఇరవై. భరత్‌పూర్ దగ్గర బండి తిరగబడి దేహం చాలించాడు. పుష్య శుద్ధ తదియ. పూలు తెచ్చినవాడు తండ్రి గుమానారామ్. తోడు వచ్చినవాడు భీఖూ ఖాన్, డ్రైవరు, జైపూర్. వేలిముద్ర."

పక్కన సంవత్సరం ఉంది. పదిహేనేళ్ళ కిందటిది. వేలిముద్ర ఉంది. బొటనవేలి మీద అడ్డంగా ఒక గీత. ఆ గీత నాకు తెలుసు. నేను పుట్టకముందు ఉలి దిగిన గాటు.

"తప్పు," అన్నాను. "ఇది వేరే గుమానారామ్."

"నీ పేరు పేమారామేనా? చిన్నకొడుకు పేమారామ్, పదేళ్ళు, కూతురు గవరీ అని రాయించాడు. ఇంకో మాట కూడా రాయించాడు." పండా వేలు ఇంకా అక్కడే ఉంది. "ఈ ఇంటి నుంచి మళ్ళీ వచ్చినవాడికి, అడగకపోయినా, ఇది చదివి వినిపించవలెను."

మాసీమా నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేసినట్టు తెలుస్తోంది కానీ అది నా వీపేనా అనిపించింది. అమ్మ "నాకు కబురు రానక్కర్లేదు" అన్న మూడు నెలలకి కబురు వచ్చింది. బాపూకి వచ్చింది. ఆయన దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. తన మాట తగిలే కొడుకు పోయాడని అమ్మ అనుకుంటుందని, ఆమెని పదిహేనేళ్ళు ఎదురుచూడనిచ్చాడు. రాతిగుండె అని తిట్టించుకుంటూ తలుపులు చెక్కాడు. చివరికి ఆ కబురు నా చేతికిచ్చి పోయాడు.

నేను మూడు వారాలు ఆయనకి దారి చెబుతూ వచ్చాను. మలుపు బాపూ, వంతెన బాపూ, రా బాపూ. ఇదే దారిలో, ఇలాంటి మూటే ఒళ్ళో పెట్టుకుని, కొడుక్కి ఆయన చెప్పుకుంటూ వెళ్ళాడు.

కర్మ చేయించాను. మంగలి గుండు చేశాడు. చిన్నకొడుకు చేత్తోనే పూలు నీళ్ళలో పడ్డాయి. అనిమేష్ బాబు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నా చెప్పులు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. ఒక్క ముక్క భూగోళం చెప్పలేదు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నీళ్ళలో నిలబడి ఆయన్ని బూతులు తిట్టాను, పైకే. పక్కవాళ్ళు చూశారు. చూస్తే చూశారు.

మర్నాడు దంపతులని హౌరా రైలెక్కించాను. మాసీమా కిటికీలోంచి, "అమ్మకి ఏం చెబుతావు?" అని అడిగింది. తెలియదన్నాను. ఆవిడ ఏదో సలహా చెబుతుందనుకున్నాను, చెప్పలేదు.

రెండు రోజులు ఒంటరిగా నడిపాను. దారి పొడుగునా అబద్ధం ఒకటి అల్లాను. అన్న దొరికాడు. డెహ్రాడూన్ అవతల కొండల్లో బస్సు నడుపుతున్నాడు. తనే బాపూని నీళ్ళలో కలిపాడు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. కోపం ఇంకా తీరలేదు, వచ్చే యేడు వస్తానన్నాడు. పిల్లల పేర్లు కూడా పెట్టాను. ఒక్కో టీ కొట్టు దగ్గరా అబద్ధానికి గట్టిగా ఒక మేకు కొట్టుకుంటూ వచ్చాను. బాపూ పదిహేనేళ్ళు మోశాడు, నేను మోయలేనా? అమ్మకి ఎన్నేళ్ళుందని?

ఇంటికి చేరేసరికి పట్టపగలు. అమ్మ వాకిట్లో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. కారు చప్పుడు విని లేచింది. ముందు నా వెనక చూసింది, ఇంకెవరైనా దిగుతారేమోనని. దిగలేదు. అప్పుడు నా తల చూసింది.

"ఫోనెందుకు ఎత్తలేదురా? దొరికాడా?"

"చెబుతానే. నీళ్ళియ్యి ముందు."

ముంత ఇచ్చి నా గుండు మీద చెయ్యి వేసింది. నిమిరింది. హఠాత్తుగా ఆమె మొహంలో చిన్న నవ్వు వచ్చింది.

"అచ్చం మీ బాపూవే. ఒకసారి ఆయనా ఇలాగే దిగబడ్డాడు. బికనీర్‌లో హవేలీ తలుపుల పనని వెళ్ళి పది రోజులకి నున్నగా గుండుతో వచ్చాడు. ఏమిటీ అవతారం అంటే, మన రామ్‌దేవ్ దేవుడికి మొక్కుకున్నానన్నాడు. మీ బాపూకి మొక్కేమిటి, దేవుడి దగ్గర కూడా చెప్పులు విప్పడానికి బద్ధకం. ఎంత నవ్వానో. పుచ్చకాయ, పుచ్చకాయ అని..."

నేను ముంత దించలేదు. దించితే నా మొహం కనపడుతుంది. నీళ్ళయిపోయినా అలాగే పట్టుకున్నాను.

అమ్మ చెయ్యి నా తల మీదే ఉంది. కదలడం ఆగింది.

"హడ్మాన్ వెళ్ళిన యేడు చలిలో వచ్చాడు," అంది నెమ్మదిగా. "కంబళి కప్పుకుని. సంక్రాంతి ఇంకా వారం ఉంది. పుష్యమాసం, శూన్యమాసం... పుష్యంలో మొక్కు గుండు ఎవరు చేయించుకుంటారు?"

అల్లుకొచ్చిన అబద్ధం నోట్లోనే ఉంది. పిల్లల పేర్లు కూడా ఉన్నాయి.

"పేమా. పుష్యంలో గుండు ఎవరు చేయించుకుంటారురా? చెప్పు."

ముంత దించాను. ఆమె నా మొహం చూసింది. చెప్పాల్సిన పని లేకపోయింది.

అమ్మ కూర్చుంది. చిక్కుళ్ళ చేట పక్కకి జరిపి, నేలమీద. అరుస్తుందనుకున్నాను. ఆ రోజు వాకిట్లో తను అన్న మాట తలుచుకుని గుండెలు బాదుకుంటుందని, బావిలో దూకుతుందని, పదిహేనేళ్ళు బాపూ దేనికి భయపడ్డాడో అదే జరుగుతుందని భయపడ్డాను. ఆ మాట ఎత్తనేలేదు ఆమె.

"ఎక్కడ?"

"భరత్‌పూర్ దగ్గర. బండి తిరగబడింది."

"మీ బాపూ ఒక్కడే వెళ్ళాడా?"

"లేదు. జైపూర్ డ్రైవరొకాయన తోడు వెళ్ళాడు."

"మంచిది." తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నేను నవ్వానురా పేమా. కొడుకుని గంగలో వదిలి వచ్చిన మనిషిని చూసి నవ్వాను. వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచి, రండి, మా ఆయన పుచ్చకాయ చూడండి అని తలపాగా లాగేసి చూపించాను. నువ్వు ఆయన తల మీద చేత్తో దరువు వేశావు."

నాకు గుర్తొచ్చింది. బాపూ మంచం మీద కూర్చున్నాడు. నేను వెనక నించి ఎక్కి ఆ గుండు మీద రెండు చేతులతో డోలు వాయించాను. నున్నగా, చల్లగా ఉంది. అందరూ పడి పడి నవ్వారు.

"ఆయన ఏమీ అనలేదు," అంది అమ్మ. "ఆయనా నవ్వాడు."